నలభై ఏడో చెట్టు కొలత

నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి ఆరో తరగతి పిల్ల కొనాడు టేపును మరోసారి చదివింది. రెండు వందల పధ్నాలుగు పాయింట్ మూడు.

చెట్టు చుట్టూ ఉన్న ఎర్ర రంగు గీత మీదే టేపు ఉంది. ఎక్కడా మెలి పడలేదు, టేపు కింద తీగ కూడా ఇరుక్కోలేదు. కానీ నాలుగేళ్ళ కిందటి కొలత రెండు వందల పధ్నాలుగు పాయింట్ ఎనిమిది సెంటీమీటర్లు. ఇందాక కాగితంలో తనే చూసింది.

"ఎంతమ్మా? అక్కడే కాపురం పెడతావా?" అని కింద నుంచి ఆమె తరగతి పిల్లాడు బాడు అడిగాడు. నిచ్చెన పట్టుకోవడం, కాగితం మీద అంకెలు రాయడం అతని పని.

చెట్టు ఎక్కడైనా సన్నబడుతుందా? తనకు టేపు చదవడం రాదనుకుంటారు. పైగా ఇది నలభై ఏడో నంబరు చెట్టు. ముప్ఫై ఏళ్ళ కిందట దీనికి నంబరు బిళ్ళ కొట్టింది కొనాడు తాత. కొలత జరిగిన ప్రతిసారీ ఆయన మొదట అడిగేది దీని గురించే. ప్రతిసారీ అది మూడు సెంటీమీటర్లో ఇంకాస్తో పెరుగుతూనే వచ్చింది.

"రెండు వందల పదిహేడు పాయింట్ ఎనిమిది," అంది కొనాడు. బాడు రాసుకున్నాడు.

ఆ రోజు బుధవారం. ఆరో తరగతి పిల్లలందరూ జతలు జతలుగా అడవిలో చెట్లు కొలుస్తున్నారు. కొలిపిస్తున్నది కుమాసి నగరం నుంచి వచ్చిన సైంటిస్టు డాక్టర్ బిరాగో. పిల్లలు ఆమెను ఆంటీ అనే పిలుస్తారు. చెట్టు గాలిలోని కార్బన్‌ను తీసుకుని కట్టెగా మార్చుకుంటుందనీ, ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనేననీ ఆమె తరగతిలో చెప్పింది. మోటార్ల పొగలోంచీ, ఫ్యాక్టరీల పొగలోంచీ వచ్చే కార్బన్‌ను అడవి మునుపటిలా లోపల దాచుకోగలుగుతోందా, లేక అలిసిపోతోందా అన్నది ఆమె ప్రశ్న. దానికి జవాబు ఈ కొలతల్లోనే ఉందట.

సాయంత్రం ఆంటీ కొనాడు వాళ్ళింటికి భోజనానికి వచ్చింది. కర్రపెండలం దంచి చేసిన ఫుఫూ ముద్ద, వేరుశనగ పులుసు. తాత కూర్చోకముందే అడిగాడు, నా నలభై ఏడు ఎలా ఉందని.

"బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా. మూడు సెంటీమీటర్లు పెరిగింది. మిగతావి చాలా వరకు మందగించాయి. ఇది ఒక్కటే ఎందుకిలా పెరిగిందో ఆలోచిస్తున్నాను," అంది ఆంటీ.

తాత ముఖం వెలిగిపోయింది. బిళ్ళ కొట్టినవాడి చేతి చలవ అన్నాడు. తన గిన్నెలోని పెద్ద చేప ముక్క తీసి ఆమె గిన్నెలో వేశాడు. కొనాడు చేతిలోని ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసింది.

"ఆంటీ, ఒక్క చెట్టు కొలత అంత ముఖ్యమా?" అని మెల్లగా అడిగింది.

ముఖ్యమే అంది ఆంటీ. అడవిలో ఉన్న చెట్లన్నిటినీ ఎవరూ కొలవలేరు. కొలిచిన కొన్నిటిని బట్టే కొలవనివాటి సంగతి లెక్క వేస్తారు. నలభై ఏడో చెట్టు తన వెనక కొన్ని వేల చెట్ల తరఫున మాట్లాడుతున్నట్టు.



మర్నాడు తెల్లవారుతూనే కొనాడు బాడు ఇంటికి పరుగెత్తింది. మళ్ళీ కొలిచి వద్దామంది. చెట్టును కొత్తగా కొలిస్తే, ఏదో పొరపాటు జరిగిందని చెప్పి అంకె మార్చేయవచ్చని ఆమె ఆలోచన. తప్పు ఎవరిదో అప్పుడు ఎవరూ అడగరు.

బాడు ఆమెను వింతగా చూశాడు. "ఇవాళ గురువారం. అడవిలో కాలు పెడితే మా అమ్మ చేతిలో నా వీపు విమానం మోత మోగిపోతుంది."

కొనాడుకు అప్పుడు గుర్తొచ్చింది. గురువారం భూమితల్లి విశ్రాంతి తీసుకునే రోజు. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరూ పొలానికి వెళ్ళరు, అడవికీ వెళ్ళరు. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు కూడా గురువారం కొడవలి పట్టరు. రెండూ ఎలా కుదురుతాయని కొనాడు ఒకసారి అమ్మను అడిగింది. మనం భూమికి ఒక రోజు సెలవిస్తే ఆమెను చేసినవాడు కాదంటాడా అని అమ్మ తిరిగి అడిగింది.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఆంటీ కుమాసి వెళ్ళిపోతుంది. ఇంక నిజం చెప్పడం తప్ప దారి లేదు.

ఆంటీ తను బస చేసిన బడి మాస్టారింటి వరండాలో కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది. కొనాడు మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఆంటీ, నలభై ఏడు అంత లేదు."

ఆంటీ తలెత్తింది. "మరి ఎంతుంది?"

"రెండు వందల పధ్నాలుగు పాయింట్ మూడు. నేనే ఎక్కువ చెప్పాను. బాడుకు తెలియదు."

"ఎందుకు చెప్పావు?"

"చెట్టు తగ్గదు కదా. నాకు చదవడం రాదనుకుంటారని. తాత కూడా బాధపడతాడని."

ఆంటీ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, వానలు సరిగా పడని ఏళ్ళలో చెట్టు ఎదుగుదల ఆగిపోవచ్చనీ, నీరు తగ్గి మాను కాస్త బిగుసుకోవచ్చనీ చెప్పింది. "అదే కారణమో కాదో నాకూ ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే వచ్చాను. తక్కువ ఉన్నది కాగితం మీద తక్కువగానే ఉంటే కదా నేను వెతికేది."

"అయితే ఇప్పుడు దిద్దేస్తారా?"

"దిద్దలేను. నువ్వు చదివినవి మొత్తం పదకొండు చెట్లు. అన్నీ మళ్ళీ కొలవాలి."

"మిగతా పదీ సరిగ్గానే చదివాను ఆంటీ. నిజంగా."

"అయి ఉండవచ్చు. కానీ నాకెలా తెలుస్తుంది?"

ఆంటీ గొంతులో కోపం లేదు. అందుకే కొనాడుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆంటీ ప్రయాణం మధ్యాహ్నానికి వాయిదా పడింది. శుక్రవారం వెలుగు రాగానే ముగ్గురూ అడవికి వెళ్ళారు. దారంతా బాడు నిచ్చెన మోస్తూ సణుగుతూనే ఉన్నాడు. తన చేత అబద్ధం రాయించినందుకు వారం రోజులు తన పుస్తకాల సంచి కూడా నువ్వే మోయాలన్నాడు. కొనాడు సరేనంది.

పది చెట్ల కొలతలూ సరిపోయాయి. చివర నలభై ఏడు మిగిలింది. వావా అనే జాతి చెట్టు అది. మొదలు దగ్గర వేళ్ళు గోడల్లా లేచి ఉంటాయి కాబట్టి వాటికి పైన, నిచ్చెన ఎక్కే కొలవాలి. కొనాడు ఎక్కింది. టేపు చుట్టి, గీత మీద సరిచేసి చదివింది. ఇంకోసారి చదివింది.

"రెండు వందల పధ్నాలుగు పాయింట్ మూడు."

తర్వాత ఆంటీ ఎక్కి చూసింది. దిగి, కాగితం, పెన్ను కొనాడు చేతికిచ్చింది. పాత అంకెను కొట్టేసి, పక్కన కొత్తది రాసి, కింద పేరు రాయమంది. పాతది కనిపిస్తూనే ఉండాలట. కొనాడు రాసింది.

ఇంటికి వచ్చేసరికి తాత గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మళ్ళీ అడవికెందుకు వెళ్ళారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"నా నలభై ఏడును చూసొచ్చావా? ఇంకా పెరిగిందేమిటి, రెండు రోజుల్లో?" అని నవ్వాడు.

ఊరుకుంటే ఆయన అలాగే నవ్వుతూ ఉంటాడు. ఆంటీ దగ్గర కాగితం ఎలాగూ సరిగానే ఉంది.

కొనాడు ఆయన పక్కన నేల మీద కూర్చుంది. "పెరగలేదు తాతా. అర సెంటీమీటరు తగ్గింది. మొన్నటిది నేను కల్పించి చెప్పాను."

తాత నవ్వు ఆగింది. అడవి వైపు చూశాడు. తర్వాత వదులైపోయిన తన చొక్కా భుజాన్ని వేళ్ళతో పట్టుకుని పైకి లాగాడు.

"నేనూ తగ్గాను. దాన్నెందుకు తప్పుపట్టడం?" అన్నాడు. "ఈసారి కొలిచేటప్పుడు నన్నూ తీసుకెళ్ళు. ఎంతుందో కింద నుంచి వింటాను."

"ఎంతుంటే అంతే చెబుతాను," అంది కొనాడు.