గేటుకు చెప్పని మాట

“ఇయ్యాల నువ్వు హమాలీవి, హనోకూ,” అంది చీఫ్ ఎస్తర్, నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాల చాటున. “రుద్రూర్ సైంటిస్టుల కొత్త విత్తన చెరకు ఎత్తుకపోయిండ్రు. సగం నీళ్లకే పండే రకం. సముద్రం అవతలి చక్కెర ముఠా పని. బోధన్ దారిల పాత గోదాంల దాసిండ్రు. దాని మీద యాసిడ్ పడేటట్టు టైమర్ పెట్టిండ్రు. ఇంకో గడ ఏడ లేదు.”

ఏజెంట్ హనోకు ఒళ్లంతా పసుపు పులుముకున్నాడు. వైర్‌లెస్ అమర్చిన చెరకు గడ భుజాన వేసుకున్నాడు. కొరికితే సిగ్నల్ తియ్యగా వస్తుందని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి. నేను కొరకలేదు, ఒట్టు పెట్టలేను.

గోదాం గేటు ముందు త్రివేణి కూర్చుని ఉంది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఒళ్లో పిస్టల్. నిన్నటిదాకా మన ఏజెంటే.

“పెండ్లికొడుకు లెక్క వచ్చినవేందన్నా?”

“పిల్ల దొరకలే. గేటు తియ్యి.”

“నీ నోటితోనే తీసుకో. గా మైకుల మాట్లాడి బటన్ ఒత్తు. గేటు నీ మాటలన్నీ లిస్టు చేస్తది. మా లిస్టుల లేని మాట ఒక్కటి దొరికినా యాసిడ్ పడ్తది. లేకుంటే తెరుసుకుంటది. మా లిస్టుల ఉన్నయి రెండే మాటలు: ‘నేను అమ్ముడుపోయిన’.”

“గవి చెప్తే?”

“చెరకు నీది. నీ గొంతు మాది. రేపు అన్ని టీవీలల్ల మోగుతది.”

హనోకు గడ్డం గోక్కున్నాడు. “చెప్పిన మాటలే సూస్తదా, ఇంకేమన్న అడుగుతదా?”

“చెప్పినయే సూస్తది. జల్ది చెప్పు, టైమర్ అయిపోతున్నది.”

అతను మైకు ముందుకు వెళ్లాడు. పెదవులు బిగించాడు. ఆమె కళ్లలోకి సూటిగా చూస్తూ, ఒక్క ముక్క అనకుండా బటన్ నొక్కాడు.

గేటు అతని లిస్టు తెరిచింది. తప్పు మాట కోసం వెతికింది. అసలు మాటే లేదు, తప్పెక్కడ దొరుకుతుంది? కిర్రుమంటూ రెండు తలుపులూ విచ్చుకున్నాయి.

త్రివేణి పిస్టల్ ఎత్తేలోగా చెరకు గడ దెబ్బకు అది తుప్పల్లో పడింది. మొదటి యాసిడ్ చుక్క పైపు మూతికి వేలాడుతుండగా హనోకు లోపలికి దూకి వాల్వు బిగించాడు.

బేడీలు పడ్డాక కూడా ఆమె గేటు వైపే చూస్తోంది. “నువ్వేం చెప్పలే గదన్నా. ఎట్ల తెరిసింది?”

“నేను చెప్పిన మాటలల్ల తప్పు మాటేదో,” అన్నాడు హనోకు, “నువ్వే ఒక్కటి సూపియ్యి.”