కదలని చెయ్యి

హర్ష రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి సగం కాఫీ సాసర్లలోనే ఉంది. చిన్నప్పటి నుంచీ అతని చేతులంతే. భయం లేకపోయినా, చలి లేకపోయినా వేళ్ళు సన్నగా వణుకుతూనే ఉంటాయి. వాళ్ళ నాన్నకీ అలాగే ఉండేది. ఆ ఇంట్లో దాన్నెవరూ జబ్బు అనుకోలేదు. గ్లాసు కింద సాసరు పెట్టడం అలవాటు చేసుకున్నారు, అంతే.

"నిన్నెవరు తెమ్మన్నార్రా? అక్కడే పెడితే నేను వచ్చి తాగనూ!" అంది సుభాషిణి విసుగ్గా.

ఆమె ఒళ్ళో మూడు నెలల మనవరాలు ఉంది. చేతిలో ఉగ్గుగిన్నె ఉంది. పాపకి పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది, అంగిట్లో కూడా సందు ఉంది. తల్లి దగ్గర పాలు తాగలేదు. హిమబిందు పాలు పిండి ఇస్తే, సుభాషిణి ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పడుతుంది. ఆ గిన్నెని కోడలి చేతికి ఇవ్వదు. పాలు ఇచ్చాక హిమబిందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, పాప మింగుతోందా లేదా అని చూస్తూ ఉంటుంది.

పెదవి అలా చీలి పుడితే ఈ ప్రాంతంలో గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరే హిమబిందు పాలిట నింద అయింది.

హాల్లో గోడ మీద, పెళ్ళి ఫోటో పక్కన, ఇంకో పెద్ద ఫోటో ఉంది. నల్లటి ఆకాశంలో నారింజ రంగు సూర్యుడు. ఒక పక్క చంద్రుడు కప్పేసిన మేర గుండ్రంగా చీకటి. అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. కింద చిన్న అక్షరాలతో 'ఫోటో: హర్ష, మచిలీపట్నం' అని ఉంటుంది. పోయిన ఆగస్టులో సాయంత్రం పూట వచ్చిన సూర్యగ్రహణాన్ని హర్ష తన టెలిస్కోపుకి సెల్‌ఫోను పెట్టి తీసిన ఫోటో అది. పేపర్లో జిల్లా పేజీలో పడింది. అప్పట్నుంచీ ఆదివారాలు స్కూళ్ళవాళ్ళు అతన్ని పిలుస్తున్నారు. గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా కంటే ఆ ఫోటో తీసిన మనిషిగానే అతను ఎక్కువమందికి తెలుసు.

ఆ గ్రహణం నాటికి హిమబిందుకి రెండో నెల. సుభాషిణి అప్పుడు కోడూరులో అన్నగారింట్లో ఉంది. "దాన్ని గదిలో పడుకోబెట్టి తలుపేయరా. కదలనివ్వకు," అని ఫోన్ చేసి మరీ చెప్పింది. "అలాగేనమ్మా," అన్నాడు హర్ష.

పాప పుట్టిన రోజు ఆసుపత్రికి వచ్చిన పక్కింటావిడ ఊరుకోలేదు. గ్రహణంనాడు హిమబిందు డాబా మీద ఉండటం తాను కళ్ళారా చూశానంది. సుభాషిణి కొడుకు వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగింది. హర్ష తల దించుకుని, "నేను వద్దనే అన్నానమ్మా. వినలేదు," అన్నాడు.

మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న హిమబిందు ఆ మాట విన్నది. కళ్ళు తెరవలేదు. ఆయనే సర్దిచెబుతారులే అనుకుంది ఆ రోజు. మర్నాడూ అలాగే అనుకుంది. ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉంది.

కాఫీలు అవుతుండగా సుభాషిణి అన్న చలపతిరావు వచ్చాడు. కోడూరులో తొలి బస్సు ఎక్కాడట. సంచి కింద పెట్టి, కండువాతో ముఖం తుడుచుకుని, "ఏమ్మాయ్, ఇంకా తెమల్లేదా? పొద్దెక్కితే హంసలదీవి దగ్గర ఇసక కాలిపోద్ది," అన్నాడు హిమబిందుతో.

పాపకి పెదవి ఆపరేషను వచ్చే వారం. ఈలోపు కోడలు హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానం చేసి, నలుగురు బంధువుల ముందు తన వల్ల తప్పు జరిగిందని ఒప్పుకోవాలని సుభాషిణి పట్టుబట్టింది. కోడూరు చుట్టాలందరికీ కబురు వెళ్ళింది.

"స్నానానికైతే వస్తాను, పెదనాన్నగారూ. తప్పు చేశానని చెప్పడానికైతే రాను," అంది హిమబిందు.

సుభాషిణి చేతిలో గిన్నె ఆగిపోయింది. "విన్నావా అన్నయ్యా? ఇదీ వరస. చేసింది చాలక పైగా పంతం!"

"నేనేం చేశానత్తయ్యా?"

"ఏం చేశావా? దీని మొహం చూసి అడుగు ఆ మాట. కడుపుతో ఉన్నదానివి, మొగుడు వద్దంటున్నా డాబా ఎక్కి గ్రహణం చూస్తావా? సినిమా అనుకున్నావా?"

హిమబిందు భర్త వైపు చూసింది. హర్ష సాసర్లో ఒలికిన కాఫీని గ్లాసులోకి వంచుకుంటున్నాడు. అందులో సగం మళ్ళీ బల్ల మీద పడింది.

"ఏమండీ, మీరు చెప్పండి," అంది హిమబిందు.

"ఇప్పుడు గొడవెందుకు హిమా? అమ్మ తృప్తి కోసం... ఒక్క మాటేగా."

"ఒక్క మాటే," అంది హిమబిందు.

వాతావరణం వేడెక్కిందని గ్రహించిన చలపతిరావు, మాట మార్చడానికి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "అది సర్లే గానీ అల్లుడూ, ఎప్పుడొచ్చినా అడుగుదామనుకుంటా. కొరికిన అప్పడంలా భలే తీశావయ్యా! ఆ గొట్టమేనా ఫోటో తీసేది?"

హర్షకి ఊపిరి వచ్చినట్టయింది. ఈ సంగతి అడిగితే అతను ఎక్కడున్నాడో కూడా మర్చిపోతాడు.

"గొట్టం చూపిస్తుంది, అంతే మావయ్యా. ముందు దాని మూతికి వెండి కాగితంలాంటి ఫిల్టరు తొడగాలి. అది లేకుండా చూస్తే కన్ను పోతుంది. వెనకాల మనం కన్ను పెట్టి చూసే చోట ఫోను కెమెరా ఆనించి పట్టుకోవాలి. అసలు కష్టమంతా అక్కడే. వెంట్రుకవాసి కదిలినా తెరంతా నలుపే. ఊపిరి బిగబట్టి రాయిలా నిలబడాలి. మామూలు చేతుల వల్ల కాదు."

"అబ్బో! రాయిలానే!" అన్నాడు చలపతిరావు.

సుభాషిణికి ఈ కబుర్లు నచ్చలేదు. "బస్సు టైమవుతుంటే సూర్యుడూ చంద్రుడూ! ఇదిగో, ఈ గిన్నె పట్టుకో. నేను చీర మార్చుకుని వస్తా. దానికివ్వకు. నువ్వే పట్టు," అని పాపని కొడుకు ఒళ్ళో పెట్టింది.

హర్ష ఎప్పుడూ పాపకి పాలు పట్టలేదు. ఎవరూ పట్టమనలేదు కూడా. అతను గిన్నె కొస పాప పెదవి దగ్గరికి తెచ్చాడు. కొస పాప చెంపకి తగిలింది, ముక్కుకి తగిలింది. పాలు మెడ మీదుగా కారాయి. ఇంకోసారి ప్రయత్నించేసరికి గబుక్కున ఎక్కువ పడి, పాపకి పొలమారింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

హిమబిందు ఒక్క అంగలో వచ్చింది. పాపని ఎత్తి భుజాన వేసుకుని వీపు నిమిరింది. గది గుమ్మం నుంచి సుభాషిణి కూడా పరుగెత్తుకొచ్చింది. పాప ఏడుపు అందుకున్నాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

హర్ష చేతిలో గిన్నె ఇంకా టపటపా వణుకుతూనే ఉంది. సుభాషిణి ఆ చేతిని చూసింది. చూస్తూ చూస్తూ తలెత్తి గోడ మీది ఫోటోని చూసింది. మళ్ళీ చేతిని చూసింది.

"హర్షా," అంది నెమ్మదిగా. "వెంట్రుకవాసి కూడా కదలకూడదన్నావు కదూ?"

హర్ష గిన్నెని ఒళ్ళోకి దించుకున్నాడు.

"నిన్ను కన్నాను నేను. నీ చేత్తో సూదిలో దారం ఎక్కదు. నీ పెళ్ళిలో తాళి ముడి మీ మేనత్త వేసింది. ఈ ఫోటో ఎవరు తీశార్రా?"

"అమ్మా..."

"ఎవరు తీశార్రా?" ఈసారి అరిచింది.

హిమబిందు పెళ్ళికి ముందు చిలకలపూడిలో వాళ్ళ నాన్న దగ్గర రోల్డ్‌గోల్డ్ నగలకి రాళ్ళు పొదిగేది. నువ్వుగింజంత రాయిని పట్టకారుతో తీసి గుంటలో పెట్టే చెయ్యి అది. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ క్షణంలో అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"నేనే పిలిచానమ్మా," అన్నాడు హర్ష. "అది పడుకునే ఉంది. నా వల్ల కావట్లేదు, తీసినవన్నీ నలుపే వస్తున్నాయి. మబ్బు కమ్ముకొస్తోంది. కిందికొచ్చి లేపాను. అత్తయ్యకి తెలిస్తే బాగుండదండీ అంది. నేను చెప్పుకుంటాలే అన్నాను."

"చెప్పుకున్నావు," అంది సుభాషిణి. "బాగా చెప్పుకున్నావురా!"

"భయమేసిందమ్మా. పాపని చూసి నువ్వు గుండెలు బాదుకుంటున్నావు. నోట్లోంచి అలా వచ్చేసింది. తర్వాత దాన్ని ఎలా సరిదిద్దాలో తెలియలేదు."

పాప వీపు నిమురుతూనే హిమబిందు అంది: "సరిదిద్దక్కర్లేదండీ. అత్తయ్యకి భయపడ్డారు, సరే. నాకు ఒక్క మాట చెప్పారా? ముదినేపల్లి స్కూల్లో పిల్లలకి చెప్పారు, గ్రహణం వల్ల మొర్రి రాదని. పేపరువాళ్ళకి చెప్పారు. ఈ గోడల మధ్య నాకు చెప్పలేదు. అత్తయ్య నన్ను అన్నప్పుడల్లా మీరు నోరు మెదపకపోతే, ఒకవేళ నిజమేనేమో, నా బిడ్డని నేనే ఇలా చేసుకున్నానేమో అని... చదువుకున్న మీరే ఊరుకుంటే నాకు ఎవరు చెప్తారండీ?"

ఇన్నాళ్ళుగా ఆపుకున్నదంతా ఆమె కళ్ళలోంచి కారిపోయింది. గొంతు మాత్రం లేవలేదు.

చలపతిరావు కండువా దులుపుకుని, "మరి స్నానం సంగతి..." అని నసిగాడు.

"కావాలంటే వాడు చేస్తాడు. నలుగురి ముందూ వాడే చెప్తాడు," అంది సుభాషిణి. తర్వాత కోడలి దగ్గరికి వచ్చింది. ఒలికిన పాలని చీర కొంగుతో పాప మెడ మీది నుంచి తుడిచింది. "గ్రహణం సంగతి నాకు తెలీదమ్మా. చిన్నప్పట్నుంచీ విన్నదే నమ్మాను. కానీ నీ బిడ్డకి నీ చేత్తో పట్టనివ్వలేదు చూడూ... అది నాకెవరూ చెప్పలేదు. నేను చేసిందే." ఆమె కొడుకు చేతిలోంచి గిన్నె లాక్కుని కోడలి చేతికిచ్చింది. ఆ పైన అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

హర్ష కుర్చీ లాక్కుని గోడ మీది ఫోటో తీయబోయాడు.

"దాన్నెందుకు తీస్తారు? అదేం చేసింది?" అంది హిమబిందు.

అతను ఆగిపోయాడు. కుర్చీ దిగి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు.

పాపకి ఇంకా ఆకలి తీరలేదు. నోరు తెరిచి వెతుక్కుంటోంది. హిమబిందు గిన్నెలో మళ్ళీ పాలు పోసి అతని ముందుకి చాపింది. "పట్టండి."

"నా వల్ల కాదు హిమా. ఒలుకుతాయి."

"పట్టండి. రేపు ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో రాత్రీ పగలూ నేనొక్కదాన్నే కూర్చోలేను."

అతను గిన్నె పట్టుకున్నాడు. ఆమె తన అరచేతిని అతని మణికట్టు కింద ఆనించి గట్టిగా పట్టుకుంది.

"కదలకండి," అంది. "ఊపిరి బిగబట్టండి."

ఆ రోజు డాబా మీద, ఆమె చేతిలో ఫోను పెట్టి, అతను అన్న మాటలే అవి. అతను ఊపిరి బిగబట్టాడు. గిన్నె కొస పాప పెదవి చీలికకి పక్కగా ఆనింది. ఒక చుక్క, తర్వాత ఇంకో చుక్క. పాప గుటక వేసింది.

హిమబిందు అతని ముఖం వైపు చూడలేదు. ఆమె చూపంతా గిన్నె కొస మీదే ఉంది.