డ్రిల్ మాస్టారి సంతకం

పొద్దున్నే కూతురి యూనిఫాం ఇస్త్రీ చేయడం డ్రిల్ మాస్టారికి ఇష్టమైన పని. రిటైరై ఆరేళ్లయినా డిపార్ట్‌మెంటులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ముప్పై ఏళ్లపాటు పోలీసు శిక్షణ కేంద్రంలో కుర్రాళ్లకు చెమటలు పట్టించిన మనిషి. కూతురు సబ్ ఇన్‌స్పెక్టర్ అయిన రోజు మాత్రం చిన్నపిల్లాడిలా వీధి వీధంతా తిరిగి చెప్పుకున్నాడు.

చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తుండగా ఫోన్ మోగింది. అవతల ఉన్నది కూతురు పనిచేసే స్టేషన్ ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఆయన శిష్యుడే. కుశల ప్రశ్నలు రెండు ముక్కల్లో ముగించి అసలు సంగతికి వచ్చాడు. ప్రతి పది స్టేషన్లలో మూడింటిని ఆడవాళ్లకు అప్పగించాలని పైనుంచి ప్రతిపాదన వచ్చిందట. అది కుదురుతుందా లేదా తేల్చడానికి పదకొండు గంటలకు హెడ్ క్వార్టర్స్‌లో కమిటీ కూర్చుంటోందట. మహిళా అధికారుల తరఫున మాట్లాడేది మాస్టారి కూతురేనట.

“ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపొమ్మనండి మాస్టారూ. ఆవిడ నోరు విప్పితే మీ పేరూ బయటికొస్తుంది,” అని పెట్టేశాడు.

తన పేరెందుకు వస్తుందో ఆయనకు బోధపడలేదు. వంటింట్లోకి వెళ్లేసరికి కూతురు గట్టుకు ఆనుకుని నిలబడి టీ తాగుతోంది. భార్య కూరగాయలు తరుగుతోంది.

“చిన్నీ, ఇవాళ వెళ్లకమ్మా. నీకింకా ముప్పై ఏళ్ల సర్వీసుంది. పైవాళ్లతో పెట్టుకుంటే ఏ మూలనో పడేస్తారు.”

“ఇప్పుడు మాత్రం ఎక్కడున్నాను నాన్నా? నాలుగేళ్లుగా వచ్చినవాళ్ల ఫిర్యాదులు రాసుకోవడం, పెద్దవాళ్లెవరైనా వస్తే పూలగుత్తి పట్టుకుని నిలబడటం. ఒక్క దొంగతనం కేసు నా చేతికివ్వలేదు.”

ఆయన నచ్చజెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మనవాడేనన్నాడు, కాస్త ఓపిక పడితే అన్నీ వాటంతటవే వస్తాయన్నాడు. ఆమె తలూపలేదు. చివరికి ఉండబట్టలేక, తన పేరు బయటికొస్తుందని అతనెందుకన్నాడో అడిగేశాడు.

ఆమె కప్పు కింద పెట్టింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి నివేదిక నకలు. ఆయన శిక్షణ కేంద్రానికి వచ్చిన మొట్టమొదటి పదకొండు మంది ఆడపిల్లల గురించి. శారీరక సామర్థ్యం చాలదనీ, బయటి విధులకు గానీ స్టేషన్ బాధ్యతలకు గానీ పనికిరారనీ అందులో ఉంది. ఇన్నేళ్లలో ఏ ఆడమనిషి స్టేషన్ అడిగినా పై అధికారులు తీసి చూపిస్తున్నది ఈ కాగితమే. అడుగున సంతకం ఉండాల్సిన చోట నల్లసిరా పూసి ఉంది. కానీ ఆ చేతిరాత ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు.

“పేరు నేనే కొట్టేశాను,” అంది కూతురు. “రాసింది తప్పని చెబుతాను. రాసిందెవరో చెప్పను.”

ఆయన కాగితం బోర్లించాడు. “పై అధికారి రాయమన్నాడు, రాశాను. ఆ రోజుల్లో కాదనగలమా?”

భార్య కత్తి పక్కన పెట్టింది.

“ఆ రోజు మీరు కంచం ముందునుంచి లేచిపోయారు. ఎవరో ఆడపిల్ల పరుగులో మీ కుర్రాళ్లందర్నీ దాటేసిందనీ, నలుగురూ మిమ్మల్ని చూసి నవ్వారనీ అన్నారు. నాకు బాగా గుర్తుంది. అప్పుడిది నా కడుపులో ఉంది.”

“నిజమేనా నాన్నా?”

“ఇంట్లో కూర్చోబెట్టి నన్ను విచారిస్తారా ఇద్దరూ?” అని ఆయన గద్దించాడు. కూతురి మీద అలా గొంతు లేపడం ఆమె పెద్దదయ్యాక అదే మొదలు.

ఆమె బెదరలేదు. “ఆనాటి పరుగుల లెక్కలు పోయాయంటున్నారు. అవి లేకుండా నా మాట ఎవరూ నమ్మరు. తెలిసినవాడివి నువ్వొక్కడివే. అయినా నిన్ను అడగకూడదనుకున్నాను. ఇప్పుడూ అడగను.”

సగం ఇస్త్రీ అయిన చొక్కానే తొడుక్కుని బండి తీసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ పదకొండు మందిలో కొందరు ఉద్యోగం మానేశారు, కొందరు టైపు మిషన్ల ముందు ముసలివాళ్లయ్యారు. అందరికంటే ముందు పరిగెత్తిన పిల్లను హెడ్ క్వార్టర్స్ వైర్‌లెస్ గదిలో వేశారు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ గది ముందునుంచి వెళ్లాల్సి వస్తుందని ఆయన ఎన్నిసార్లు చుట్టూ తిరిగి వెళ్లాడో ఆయనకే తెలుసు.

పదిన్నరకు లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆయన ఆటో దిగి పైకి వెళ్లేసరికి విచారణ మొదలైపోయింది. పొడుగాటి బల్లకు అటువైపు అధికారులు, ఇటువైపు ఒంటరిగా కూతురు. అంత అనుభవమున్న శిక్షకుడు ఊరికే రాస్తాడా అని ఒకాయన ఆమెను నిలదీస్తున్నాడు.

“ఊరికే రాయలేదండీ. కడుపుమంటతో రాశాడు,” అన్నాడు మాస్టారు గుమ్మంలోంచి. “రాసింది నేనే.”

ఎవరు రాయమన్నారని చైర్మన్ అడిగాడు. ఆనాటి పై అధికారి పోయి పదేళ్లయింది. ఆయన పేరు చెబితే కాదనేవాళ్లెవరూ లేరు. మాస్టారు నోరు తెరిచి, కూతురి వైపు చూశాడు.

“ఎవరూ రాయమనలేదు. పదకొండు మందిలో తొమ్మిది మంది అన్ని పరీక్షలూ నెగ్గారు. ఒకమ్మాయి మగవాళ్లందరికంటే ముందొచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. అందుకే రాశాను.”

పొద్దున ఫోన్ చేసిన ఇన్‌స్పెక్టర్ బల్ల చివర తల దించుకున్నాడు. మాస్టారి చేత అదంతా కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నారు. నిర్ణయం ఇంకో వారానికి గానీ రాదు. ఆ పాత నివేదికను మాత్రం ఇకమీదట ఎవరూ చూపించకూడదని చైర్మన్ అక్కడికక్కడే రాశాడు.

కబురు ఎలా అందిందో గానీ, బయట వరండాలో వైర్‌లెస్ గది ఆవిడ నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది.

“ఆ పరుగులో నా టైమెంత మాస్టారూ? ఆ రోజు అడిగితే రాసుకోలేదన్నారు.”

“అయిదు నిమిషాల యాభై ఆరు సెకన్లు,” అన్నాడాయన తడుముకోకుండా.

ఆవిడ ఆ అంకెల్ని పెదాలతోనే ఒకసారి అనుకుంది. కళ్లు నిండాయి. ఆయన చేతులు జోడించాడు.

“క్షమించానని చెప్పలేనండీ. ఇరవై ఎనిమిదేళ్లు,” అని ఆగి, “వచ్చి చెప్పారు. అది చాలు ఇవాళ్టికి,” అని వెళ్లిపోయింది.

కూతురు బయటికొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎలా వచ్చావంది. ఆటోలో అన్నాడు. ఇంటి దగ్గర దింపుతాను ఎక్కమంది.

“చిన్నీ, నీ కాళ్లకు నేనే అడ్డం...” అన్నాడు దారిలో, వెనకనుంచి.

“మాట్లాడకు నాన్నా. గట్టిగా పట్టుకో.”

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, నడిరోడ్డు మీద అంతమంది మధ్య సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఎర్రదీపం దగ్గర బండి ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు. ఎడమచెయ్యి ఎత్తి, భుజం మీది ఆయన చేతిపై వేసి, దీపం పచ్చగా మారేదాకా అలాగే పట్టుకుంది.