డిక్కీ తలుపు చెప్పింది

బంగాళాదుంపల గిన్నె బల్లమీదికి రాకముందే మొదలైన వాదన, గిన్నె అడుగంటినా తెగలేదు.

కారుకి పట్టిన రోగం ఎవరివల్ల వచ్చిందన్నదే ఆ వాదన. కారు మలాన్‌ది. ముచ్చటపడి కొనుక్కుంది, ఇంకా కొత్త వాసన పోలేదు. అలాంటి కారుకి నవంబరు నుంచి దయ్యం పట్టినట్టయింది. వాన లేనప్పుడు, ఫారో దీవుల్లో అది ఎప్పుడో గాని జరగదనుకోండి, వెనక అద్దం మీది వైపరు తనంతట తానే ఊగేది. డిక్కీ తలుపు గట్టిగా మూసి ఉన్నా, తెరిచి ఉందంటూ స్టీరింగు వెనక ఎర్రబొమ్మ వెలిగేది. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి పడుకునేది. పోయిన ఆదివారమైతే మరీ అన్యాయం. పాస్టరుగారు మౌనంగా ప్రార్థిద్దామనగానే, చర్చి బయట నిలిపిన కారు గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది. పాటబృందంలో ముందువరసలో నిలబడ్డ మలాన్ తాళంచెవి వెతుక్కుంటూ ఊరందరి ముందూ నడిచి వెళ్ళాల్సి వచ్చింది.

"ఆ ట్రెయిలర్ హుక్కు బిగించకముందు ఈ కారు బంగారంలా ఉండేది" అన్నాడు ఆమె భర్త హానుస్. "ఆ సువురోయ్ కుర్రాడు చెయ్యి పెట్టాడు, చెడింది. వాళ్ళ దీవిలో పడవలు కట్టడం నేర్పుతారు గాని కార్లు బాగుచెయ్యడం నేర్పరు."

"హొగ్ని పనిలో వంక పెట్టడానికేమీ ఉండదు నాన్నా" అంది రన్వా.

ఆ మాట అనవలసిన దానికన్నా కాస్త త్వరగా, కాస్త గట్టిగా వచ్చింది. పొయ్యి పక్కన కూర్చుని మేజోడు అల్లుకుంటున్న నానమ్మ ఎల్స్పా సూదులు ఆపి మనవరాలి వంక చూసి, మళ్ళీ అల్లుకోసాగింది.

రన్వా, హొగ్ని ఒకే గ్యారేజీలో పనిచేస్తారు. కారు ఒంట్లో ఏముందో స్కానరు పెట్టి చదవడం ఆమె పని, వైర్లు వెయ్యడం అతని పని. మలాన్ కారుకి హుక్కు బిగించిన వారం రన్వా శిక్షణ కోసం డెన్మార్కులో ఉంది. కాబట్టి ఇంట్లో అతని తరఫున మాట్లాడటానికి ఆమె దగ్గర సాక్ష్యమేమీ లేదు, నమ్మకం తప్ప. తప్పు నిజంగా హొగ్నిదే అని తేలితే ఈ ఇంటి గుమ్మం అతనికి ఇక తెరుచుకోదు. ఆ గుమ్మంలోంచి అతన్ని ఎలా తీసుకురావాలా అని రన్వా జులై నుంచీ ఆలోచిస్తోంది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. హొగ్నికి అసలే తెలియదు.

పోనీ రాజధానిలో పెద్ద గ్యారేజీకి తీసుకెళ్దామని మలాన్ అంది. హానుస్ వెంటనే అడ్డుపడ్డాడు. అక్కడివాళ్ళు అవసరం ఉన్నా లేకపోయినా లోపలంతా విప్పి చూస్తారట. విప్పితే నష్టమేమిటని మలాన్ అడిగింది. చివరికి, సరే, చెడగొట్టినవాడి దగ్గరికే తీసుకెళ్తాను, నేనే స్వయంగా తీసుకెళ్తానంటూ లేచాడు.

"చూశావా, ఎంత బాధ్యతో" అంది నానమ్మ, ఎవరితో అంటోందో చెప్పకుండా.

మర్నాడు పొద్దున గ్యారేజీ అద్దంలోంచి రన్వా వాళ్ళిద్దరినీ చూసింది. గాలివానలో, డిక్కీ తలుపు కిందే తలలు దాచుకుని నిలబడ్డారు. హొగ్ని డిక్కీలో చాప ఎత్తి చూసి, ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు. హానుస్ టోపీ తీసి చేతుల్లో తిప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో పులిలా గాండ్రించిన మనిషి ఇక్కడ తడిసిన పిల్లిలా ఎందుకు నిలబడ్డాడో ఆమెకు అర్థం కాలేదు. ఆమె బయటికి వచ్చేసరికి ఆయన బస్సు వేళయిందంటూ గబగబా వెళ్ళిపోయాడు.

హొగ్ని పొడగరి. సిగ్గుపడినప్పుడు కుడి చెవి రుద్దుకుంటాడు. ఇప్పుడూ రుద్దుకుంటున్నాడు.

"తప్పు నాదే" అన్నాడు. "ప్లగ్గు సరిగా బిగించలేదు. నీళ్ళు దూరాయి. సాయంత్రానికి బాగుచేసిస్తాను. మీ అమ్మగారికి నేనే చెబుతాను."

రన్వా స్కానరు తెచ్చి స్టీరింగు కింద తగిలించింది.

కారులో తలుపులు, దీపాలు, తాళాలు, వైపర్లు, హారను అన్నిటినీ చూసుకునే పెట్టె ఒకటుంటుంది. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అంటారు. పెద్ద కుటుంబంలో పెద్దకోడలి లాంటిది. ఎవరికి ఏం కావాలన్నా దాన్నే పిలుస్తారు, ఏది చెడినా దాన్నే అంటారు. పాపం, దానికి కళ్ళుండవు. వైర్లు మోసుకొచ్చిన మాట వినడమే. డిక్కీ తెరిచి ఉందని ఎవరైనా చెబితే లోపల దీపం వెలిగిస్తుంది, దొంగ పడ్డాడనుకుంటే హారను మోగిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తెరమీద తప్పు కోడు చూడగానే మాడ్యూలే పోయిందని మార్చేస్తారు. అది చాడీ విని కోడల్ని పుట్టింటికి పంపినట్టే.

రన్వా కోడ్ల దగ్గర ఆగలేదు. ఆ క్షణంలో ఏ వైరు ఏం చెబుతోందో చూపే పేజీ తెరిచింది. తలుపులు నాలుగూ మూసి ఉన్నాయి. ట్రెయిలర్: లేదు. నిజంగానే లేదు. హుక్కు తాలూకు వైరింగు అంతా ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. డిక్కీ దగ్గరే వచ్చింది తిరకాసు. తలుపు మూసి ఉంటే సున్నా, తెరిస్తే పన్నెండు వోల్టులు కనపడాలి. ఇది నాలుగంటుంది, ఏడంటుంది, మళ్ళీ నాలుగంటుంది. తెరిచీ లేదు, మూసీ లేదు.

తప్పు మొదట పట్టుబడినప్పటి వివరాలు, కారు తిరిగిన దూరంతో సహా, మాడ్యూల్ దాచి ఉంచింది. అప్పటికి హుక్కు బిగించి, కారు దీవి ఆ చివర నుంచి ఈ చివరకి బోలెడన్నిసార్లు తిరిగి వచ్చింది. అన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

"నీ వైర్లలో ఒక్క తప్పు కూడా లేదు" అంది రన్వా.

"స్కానర్లు ఒక్కోసారి పొరబడతాయి."

"పొరబడేది స్కానరు కాదు. దానికి ఎవరో అబద్ధం చెబుతున్నారు. ఇక్కడ నాకూ ఎవరో చెబుతున్నారు."

హొగ్ని రెండో చెవి కూడా రుద్దుకున్నాడు. రన్వా వెనక్కి వెళ్ళి డిక్కీలో చాప, దాని కింది అట్ట ఎత్తేసింది. మూలనున్న ప్లగ్గు పిన్నులు ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటి మధ్య చిన్న ఉన్ని పోగు ఇరుక్కుని ఉంది. ఇక వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. వాన నీటికైనా, సముద్రపు నీటికైనా అలాంటి వాసన ఉండదు.

ఆ పోగుని రెండువేళ్ళతో పట్టుకుని అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇది ఏ గొర్రెది?"

"గొర్రె కాదు, పొట్టేలు" అన్నాడు హొగ్ని, అనేసి నాలిక కరుచుకున్నాడు.

తర్వాత దాచడానికేమీ మిగల్లేదు. మలాన్ పాత కారులో ఏళ్ళతరబడి గొర్రెలు ఎక్కి దిగాయి. చర్చికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఆమె వెంట మంద వాసన వెళ్ళేది. కొత్త కారు కొన్నప్పుడు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఇందులో గొర్రె అడుగుపెట్టకూడదు. అందుకే ట్రెయిలర్, అందుకే హుక్కు. తీరా పొరుగూరి నుంచి పొట్టేలుని అరువు తెచ్చే రోజున ట్రెయిలర్ని ఎత్తి సముద్రంలో పడేసేంత గాలి వీచింది. గొర్రెలు ఎదకొచ్చే రోజులాయె, ఆగడానికి లేదు. హానుస్ డిక్కీలో టార్పాలిన్ పరిచి పొట్టేలుని ఎక్కించాడు. దారిలో సొరంగం చీకటికి దానికి భయమేసింది. భయమేస్తే పొట్టేలు చేసే పనే అదీ చేసింది. టార్పాలిన్‌కి ఒక చిరుగు ఉందని హానుస్‌కి తెలియదు.

"నువ్వెందుకు నెత్తినేసుకున్నావు?" అని అడిగింది రన్వా. "ఆయన అడిగాడా?"

"అడగలేదు. మలాన్‌కి తెలియనక్కర్లేదుగా అన్నాడంతే. నేనే ఆలోచించాను. మీ అమ్మగారు నన్ను తిడితే ఒక ఆదివారంతో అయిపోతుంది. మీ నాన్నగారైతే మళ్ళీ పొట్టేళ్ళ కాలం వచ్చేదాకా పడాలి."

రన్వాకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "నీ పని మంచిది కాదని నువ్వే ఒప్పుకుంటే, రేపు నిన్ను ఆ ఇంటికి ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్ళను?"

అన్నాక గాని ఏమన్నదో ఆమెకు తెలియలేదు. గ్యారేజీ రేకుల మీద వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. ఆ చివర ఎవరో టైరు దొర్లించుకుపోతున్నారు.

"నన్నెందుకు తీసుకెళ్ళడం?" అన్నాడు హొగ్ని మెల్లిగా.

"భోజనానికి."

"భోజనానికేనా?"

ఆమె ప్లగ్గులో చిలుము గోకడం మొదలుపెట్టింది. అతనే మళ్ళీ మాట్లాడాడు. "జులైలో పండగకి, డాన్సుకి రమ్మంటే రానన్నావుగా."

"ఎప్పుడన్నాను?"

"కాన్‌స్కా అన్నావు."

రన్వా పనిముట్టు కింద పెట్టేసింది. కాన్‌స్కా అంటే చూద్దాంలే అని. ఈ దీవుల్లో పడవ వస్తుందా అన్నా కాన్‌స్కా, పెళ్ళికి వస్తావా అన్నా కాన్‌స్కా. గాలి ఒప్పుకోవాలి, మబ్బు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే మనిషి. రన్వా ఇంట్లో ఆ మాటకి వస్తాననే అర్థం, దేవుడు అడ్డుపడకపోతే. ఆ రోజున ఆమె వెండి గుండీల రవిక తొడుక్కుని, అంచులున్న శాలువా కప్పుకుని, రాజధాని వీధిలో ఒక దుకాణం చూరు కింద చాలాసేపు నిలబడింది. వలయంగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ళ మధ్య హొగ్ని తన అన్నదమ్ముల పిల్లలతో కలిసి ఆడుతుంటే దూరం నుంచి చూసి, తన కోసం ఎదురుచూడటం లేదనుకుని ఇంటికొచ్చేసింది.

"మా అమ్మ కాన్‌స్కా అంటే, అడిగినవాడి మనసు నొప్పించకుండా కాదనడం" అన్నాడు హొగ్ని. "నేను అలాగే విన్నాను."

"అంటే నేను ఏమన్నానో వదిలేసి, నువ్వు ఏం విన్నావో పట్టుకుని ఇన్నాళ్ళూ తిరిగావన్నమాట."

హొగ్ని ఆ పెట్టె వైపు తల ఊపాడు. "నేనూ ఈ మాడ్యూలూ ఒక్కటే. మూసిందనుకున్నది తెరిచే ఉందని ఎవరూ చెప్పలేదు."

ఈసారి నవ్వే ముందొచ్చింది. ఇద్దరూ డిక్కీలోకి వంగి ఉన్నారు, తలలు దాదాపు తగులుతున్నాయి, పొట్టేలు వాసన కళ్ళు మండించేలా ఉంది. ఇంతకన్నా అందమైన చోట అడిగి ఉండాల్సిందని హొగ్ని తర్వాత చాలాసార్లు అన్నాడు. కాని అప్పుడు అక్కడే అడిగాడు, ఈసారి డాన్సుకి కాదు. రన్వా అతనికి పొరబాటుగా వినడానికి వీల్లేని జవాబు చెప్పింది.

ఆ వారం తమ సంగతి వాళ్ళిద్దరూ ఎవరికీ చెప్పలేదు. ప్లగ్గు కొత్తది వేశారు, వైరు ముక్క మార్చారు, చాప ఉతికారు. తెరమీద డిక్కీ సున్నా దగ్గర కదలకుండా నిలబడింది. పొట్టేలు సంగతి మలాన్‌కి చెప్పనని హొగ్ని హానుస్‌కి మాటిచ్చాడు కాబట్టి రన్వా కూడా నోరు మెదపలేదు. మెదపకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

తనంతట తాను వచ్చి తప్పు ఒప్పుకున్న కుర్రాడికి ఒక పూట అన్నం పెట్టడం ధర్మమంటూ మలాన్ హొగ్నిని ఆదివారం భోజనానికి పిలిచింది. మాగేసిన మాంసం ఉడికింది. హొగ్ని ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెవులు ఎర్రగా చేసుకుని కూర్చున్నాడు. మలాన్ అన్నిటిలోకీ మంచి ముక్క ఏరి అతని పళ్ళెంలో పెట్టింది.

"ఈ రోజుల్లో తప్పు నాదని చెప్పేవాళ్ళు ఎక్కడున్నారు" అంది. "పెద్దవాళ్ళే చెప్పరు."

హానుస్ ఫోర్కు ఆగిపోయింది. ఆయన పళ్ళెం చూశాడు, కిటికీ చూశాడు, హొగ్నిని చూశాడు. హొగ్ని తల దించుకుని బుద్ధిగా నములుతున్నాడు. అదే ఆయన భరించలేకపోయాడు.

"మలాన్" అన్నాడు. "ఆ కారు అతను చెడగొట్టలేదు. నేను పొట్టేలుని ఎక్కించాను. ఆ రోజు గాలి..."

"తెలుసు" అంది మలాన్.

"ఎప్పట్నుంచి?"

"ఆ సాయంత్రం నుంచి. కిటికీలు దించి, చలిలో వణుకుతూ కారు నడుపుకొచ్చారు. నాకు ముక్కు లేదనుకున్నారా? మీరే చెబుతారని చూశాను. పరాయి పిల్లాడి నెత్తిన పెట్టాక, ఎంతదాకా పోతారో అదీ చూద్దామనుకున్నాను."

నానమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. హానుస్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, సువురోయ్ వాళ్ళ గురించి అన్నదంతా వెనక్కి తీసుకుంటున్నానని హొగ్ని చెయ్యి పట్టుకుని చెప్పాడు. పడవల సంగతి మాత్రం నిజమేనని హొగ్ని అన్నాడు. తనకూ ఒకటి కట్టడం వచ్చట. అందరూ నవ్వారు. మలాన్ ఆయన పళ్ళెంలో ఇంకో దుంప వేసింది. వేసిందంటే క్షమించినట్టే.

నవ్వులు సద్దుమణిగాయి. రన్వా రొట్టె మీద రూబార్బు జామ్ రాసుకుని, చాకు పళ్ళెం అంచున ఆనించింది.

"శనివారం పడవలో హొగ్నితో సువురోయ్ వెళ్తున్నాను, వాళ్ళమ్మగారిని కలవడానికి" అంది, వెన్న అందించమన్నంత మామూలుగా. "ఏప్రిల్‌లో పెళ్ళి చేసుకుంటున్నాం. ఇక్కడే, మన చర్చిలోనే."