పక్క గదిలో దాహం

డబ్బిచ్చి మరీ పస్తుండే చోటు ఒకటుంటుందని విశాఖపట్నం పోయిందాకా నాకు తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటేడు సంగతి. నా పేరు గురవమ్మ. మాది మాచర్ల. మా ఆయన కోటిలింగం నాపరాళ్ళ గని నడిపేవాడు. ఆయన పోయాక గని నేనే చూసుకున్నాను. రాతిదుమ్ము పీల్చీ పీల్చీ రొమ్ములో చేరింది, దగ్గు మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. పిల్లల్లేరు. ఇంట్లో పనికి కొండమ్మ ఉండేది గానీ పొద్దుగూకితే ఆమె దారిన ఆమె పోయేది. దగ్గొచ్చి మంచం పట్టెలు పట్టుకుని కూర్చున్నప్పుడల్లా నాకొకటే దిగులు. చచ్చిపోతానని కాదు. చచ్చేవేళకి నోట్లో ఇన్ని నీళ్ళు పోసే దిక్కు లేదే అని. మా ఆయనకి నేను పోశాను. ఆ గుక్క గొంతు దిగాకే ఆయన కళ్ళు మూశాడు. మరి నాకెవరు పోస్తారు?

గుంటూరు డాక్టరు సముద్రపు గాలి పీల్చమన్నాడు. విశాఖ రేవు దగ్గర ఆరోగ్య విలాసమని ఒక పెద్ద హోటలు పెట్టారనీ, జమీందార్లూ దొరసానులూ ఒళ్ళు బాగుచేసుకోవడానికి అక్కడికే పోతున్నారనీ చెప్పాడు. సంపాదించింది నెత్తిన పెట్టుకుని పోతానా అనుకుని రైలెక్కాను.

కొండవాలున తెల్లటి మేడ అది. కిందనే రేవు. ఓడ కూతేస్తే కిటికీ అద్దాలు గుయ్యిమనేవి. నేలంతా పాలరాయి పరిచారు, కాలు పెడితే జారుతుంది. గదిగదికీ కరెంటు దీపం, కరెంటు పంకా, పరుపు మీద మడత నలగని తెల్లదుప్పటి. పొద్దున్నే వేపాకు వేసిన ఆవిరిపెట్టెలో మెడ దాకా కూర్చోబెట్టేవాళ్ళు. ఆపైన ఒళ్ళంతా నూనె మర్దన. ఆపైన పొట్టమీద తడిమట్టి పట్టీ. ఇంత సేవా చేసి, అన్నం దగ్గరికొచ్చేసరికి ఒక గ్లాసుడు బార్లీ నీళ్ళు.

"ఇదేందమ్మా, నన్ను ఉడకబెట్టారు, నూనె పట్టించారు, ఇంక పోపు పెట్టడమే తక్కువ" అన్నాను నర్సు మేరీతో.

మేరీ నవ్వింది. ఆ ఊరి మనిషే, నడివయసు. అంత పెద్ద మేడలో నవ్విన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళెవరూ పెదవి విప్పరు. మౌనం కూడా వైద్యంలో భాగమంట. భోజనాల హాల్లో ఒక్కొక్కళ్ళకీ ఒక్కో బల్ల వేసి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవాళ్ళు. గనిలో సమ్మెటల మోతలో బతికినదాన్ని నేను. మాచర్లలోనూ ఒంటిదాన్నే, కాదనను. కానీ అక్కడ గోడవతల ఎవరో ఒకళ్ళు మొగుణ్ణి తిడుతూ ఉంటారు, వినడానికైనా ఉంటుంది. ఇక్కడ సముద్రం తప్ప ఇంకేం వినపడదు. రాత్రి దుప్పటి కప్పుకుని, ఊరికే నా పేరు నేనే పిలుచుకున్నాను, గొంతు ఉందో పోయిందో చూసుకుందామని.

వచ్చిన రోజే మేరీ ఒక మాట చెప్పింది. "ఇక్కడ ఎవురు నీళ్ళడిగినా మీరియ్యకండమ్మా. మాకు సెప్పండి, మేం సూసుకుంటాం."

"ఏం, ఎందుకని?"

"ఉపాసం వైద్యంలో ఉన్నోళ్ళుంటారు. ఆళ్ళకి డాక్టరుబాబు సెప్పినట్టే ఇయ్యాల."

నాకు ఒళ్ళు మండింది. మా పల్నాట్లో ఎండాకాలం బావుల్లో నీళ్ళు అందక, చేంతాడుకి చేంతాడు ముడేసి దింపుతాం. అట్లాంటి చోట కూడా దాహమంటూ వాకిట్లోకొచ్చిన మనిషిని ఎవరని అడగం. గ్లాసు ఇవ్వకూడని మనిషయితే దోసిట్లో పైనుంచైనా పోస్తాం. పొయ్యకుండా పంపించిన ఇంట్లో పొయ్యి రాజుకోదని మా అత్త అంటుండేది. నోటికి గ్లాసు పెట్టి తాగించేది మాత్రం పసిబిడ్డకీ, పోయే ప్రాణానికే. అది అయినవాళ్ళు చేసే పని.

మధ్యాహ్నం తెరలన్నీ దించేసి అందర్నీ పడుకోమనేవాళ్ళు. పగలే చీకటి. నా గదికీ పక్క గదికీ మధ్య ఒక తలుపుంది. గడియ నా వైపే. దానికింద సందులోంచి ఒక వాసన వచ్చేది, తడిగుడ్డ ఆరకుండా మగ్గిన వాసన, కర్పూరం నూనె కలిసి. అట్లా కళ్ళు మూసుకుని పడుకున్న ఒక మధ్యాహ్నం, ఆ సందులోంచి ఒక గొంతు వినపడింది.

"అమ్మా... కాసిని నీళ్ళు..."

ఆడపిల్ల గొంతు. ఎండిపోయి, గీరుకుపోయిన గొంతు. నేను లేచి వరండాలోకి పోయి మేరీని పిలిచాను. మేరీ ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఆ గది ముందు నేలమీద పెట్టి వెనక్కి తిరిగింది. తలుపు తియ్యలేదు. తట్టనైనా లేదు.

"లోపలికి తీసుకుపోవా?"

"అక్కడెడితే సాలమ్మా" అంది నా మొహం చూడకుండా.

పొద్దుగూకేటప్పుడు చూశాను. గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది, నిండుగా. మంచంలో ఉన్న మనిషి గుమ్మం దాకా ఎట్లా వస్తుందని అంత పెద్ద చదువుల వైద్యుల్లో ఒక్కరికీ తోచదా?

తర్వాత రోజూ అదే గొంతు. నేను తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని. "ఏ ఊరు తల్లీ నీది? నీతో ఎవరొచ్చారు?" అని అడిగేదాన్ని.  కాసేపాగి మళ్ళీ, "అమ్మా..." కూలీలు నన్ను అమ్మా అంటారు, కొండమ్మ కూడా అంటుంది. అది వేరు. ఈ పిల్ల అంటే ఎక్కడో కడుపులో పట్టుకునేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసేదాన్ని. ఆ గొంతు వినకపోతే నాకూ తోచేది కాదు.

గాలివాన పట్టిన సాయంత్రం జరిగింది ఇది.

పొద్దున్నించీ సముద్రం నల్లబడి ఉంది. రేవులో ఓడలు ఆగకుండా కూతలేస్తున్నాయి. దీపాలు పెట్టేవేళకి గాలి విరుచుకుపడి, కరెంటు పోయింది. వరండాలో ఎవరో పరుగెత్తారు, ఎక్కడో కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. తర్వాత ఆ చప్పుళ్ళూ దూరమైపోయినయ్. వేపాకు ఆవిరి వాసన పోయి, తడిగుడ్డ వాసన గదంతా నిండింది. నేను మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

"అమ్మా..."

ఈసారి తలుపు సందులోంచి కాదు. తలుపుకు అటుపక్క, నా ఎత్తున, చెక్కకి నోరు ఆనించి అన్నట్టు వినపడింది.

"అమ్మా... పోతున్నా..."

ఇంక ఆగలేదు నేను. ఆ మాట విని ఎట్లా ఆగుతాను? నాతో ఒక రాగి గ్లాసు ఉండేది. మా ఆయన పేరు కొట్టించిన గ్లాసు, ఆయన ఆఖరి గుక్క తాగింది దాంతోనే. ఆ గ్లాసూ, బల్లమీది నీళ్ళకూజా పట్టుకుని, తడుముకుంటూ పోయి గడియ తీశాను.

లోపల చానా చలిగా ఉంది. నా చెయ్యి నాకే కనపడలేదు. మోకాలికి మంచం తగిలింది.

"ఎక్కడున్నావు తల్లీ?"

"ఇక్కడ..."

కిందనుంచి వచ్చింది మాట. నేను వంగాను. తల కోసం తడిమితే జుట్టు తగిలింది. తడి జుట్టు. మెడకింద చెయ్యి వేసి కాస్త లేపాను. బరువే లేదు. గ్లాసు పెదాలకి ఆనించాను.

తాగింది. గ్లాసు వంపాను, అయిపోయింది. మళ్ళీ పోశాను. మళ్ళీ అయిపోయింది. ఒక్క చుక్క కింద పడలేదు. గుటక వేసిన చప్పుడు లేదు... ఊపిరి చప్పుడూ లేదు. అది అప్పుడు తోచింది నాకు. నా ఊపిరి నాకు వినపడుతోంది. ఒక్కటే ఊపిరి. నాదొక్కటే.

చెయ్యి తీసేద్దామనుకున్నాను. రాలేదు. కూజా అడుగంటింది.

"చాలమ్మా" అంది. గొంతులో ఇప్పుడు ఆ గీర లేదు. చల్లగా, చెవి పక్కనే అంది. "మరి నీకెవరు పోస్తారు?"

నా గుండెల్లో మాట దానికెట్లా తెలుసు? అబద్ధమాడదామన్నా నోరు రాలేదు.

"ఎవరూ లేరు తల్లీ."

 గాలి కూడా ఆగినట్టనిపించింది.

"నేను లేనూ..."

మేరీ లాంతరు పట్టుకుని నా గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ వెలుగులో చూశాను. మంచం మీద పరుపు చుట్టేసి తాడుతో కట్టి ఉంది. దానిమీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. నేల పొడిగా ఉంది. నా చేతిలో కూజా ఉంది, ఖాళీగా. గ్లాసు లేదు.

మేరీ ముందు కూజా వంక చూసింది, తర్వాత నా మొహం వంక చూసింది. లాంతరు ఆమె చేతిలో ఊగుతోంది.

"నోట్లో పోసేరా అమ్మా?" గుసగుసగా అడిగింది.

తలూపాను. ఆమె గుండెలమీద శిలువ గుర్తు వేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగి, గడియ పెట్టింది.  మంచం మీద నా పక్కన కూర్చుని అప్పుడు చెప్పింది. ఆ గదిలో ఒక పిల్ల ఉపాసం వైద్యంలోనే పోయిందంట, నీళ్ళూ నీళ్ళూ అనుకుంటూ. అయినవాళ్ళకి తంతి పంపారు, ఎవరూ రాలేదంట.

"అడిగినప్పుడల్లా గుమ్మంకాడ గ్లాసెట్టేస్తాం, ఊరుకుంటాది. నోట్లో ఎవురూ పొయ్యలేదమ్మా. పోస్తే ఆళ్ళే అయినోళ్ళు కదా" అని నా వంక చూసింది. "ఏటైనా అందా?"

"ఏం అనలేదు" అన్నాను.

ఎందుకట్లా చెప్పానో నాకే తెలియదు. నాకని ఒకరు ఇచ్చిన మాట అదొక్కటే. పంచుకోబుద్ధి కాలేదేమో.

పొద్దున్నే మేరీ ఇంకో నర్సుని తోడు తీసుకుపోయి ఆ గదంతా వెతికింది. గ్లాసు దొరకలేదు. నేను ఆ రోజే బయల్దేరి మాచర్ల వచ్చేశాను.

వచ్చాక ఎండలు ముదిరిందాకా బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది కూడా. సముద్రపు గాలి పనిచేసిందని కొండమ్మ ఊరంతా చెప్పుకొచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం చూస్తే అరుగుమీద, మంచినీళ్ళ బాన పక్కన, రాగి గ్లాసు ఉంది. నిండా నీళ్ళు.

"ఏమే కొండమ్మా, ఈ గ్లాసు ఎక్కడిది?"

"ఎక్కడిదేందమ్మా, నీదేగా. అయ్యగారి పేరుంది."

"అది విశాఖలో పోయిందే."

"పోతే ఇక్కడెట్టా ఉంటది? పెట్టెలో అడుగున పడుంటది, నువ్వు చూసుకోలా."

"మరి నీళ్ళెవరు పోశారు?"

కొండమ్మ నా వంక జాలిగా చూసింది. వయసు మీదపడిందని ఆమె అనుకున్నది ఆ చూపులోనే తెలిసింది. ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు బోర్లించాను. మర్నాడు నడవా గూట్లో ఉంది, నిండుగా. పాత గని గుంతలో, మనిషి లోతు నీళ్ళలో పారేయించాను. రెండు రోజులకి నా గది గుమ్మం పక్కన కనపడింది. అడుగున కాస్త ఇసక ఉంది. మాచర్ల ఇసక కాదు. తెల్లగా, సన్నగా ఉంది.

అప్పట్నుంచీ పారబొయ్యడం మానేశాను. కొండమ్మ పగలు కూడా నా గదిలోకి రావడం మానేసింది. గ్లాసు గుమ్మం దగ్గర్నుంచి కిటికీ దగ్గరికొచ్చింది. కిటికీ దగ్గర్నుంచి నా తలాపున ముక్కాలిపీట మీదికొచ్చింది. నాకు భయమేస్తుంది, ఎందుకు వెయ్యదు? అయినా పడుకునే ముందు దానివంక తిరిగి, "ఇంకా కాదు తల్లీ, అప్పుడే కాదు" అని చెబుతాను. నోట్లో నీళ్ళు పోసే వేళ ఏదో దానికీ తెలుసు, నాకూ తెలుసు. చెబితే వింటుందనుకున్నాను. ఇన్నాళ్ళూ విన్నది.

ఇవాళ అన్నం తిని కాస్త నడుం వాల్చాను. ఒంట్లో ఏ నలతా లేదు. దగ్గు లేదు, ఆయాసం లేదు. తడిగుడ్డ వాసన వేసి మెలకువ వచ్చింది. మెడకింద చల్లగా ఉంది, ఎవరో చెయ్యివేసి లేపి, మళ్ళీ మెల్లిగా పడుకోబెట్టినట్టు.

పెదాలు తుడుచుకున్నాను. తడిగా ఉన్నాయి.

పీటవైపు తిరిగి చూశాను. గ్లాసు అక్కడే ఉంది. నీళ్ళు ఒక గుక్క తగ్గినయ్.