సీనియర్ పీకేసిన టీ

"మధ్యలో ఈ టీ ఏంటండీ? క్యాంటీన్‌లో తాగితే సరిపోదా?"

ఆఫీసంతా 'సీనియర్' అని పిలిచే అతని జోకుకి మీటింగ్ గది గొల్లుమంది. తెర మీద తన కోడ్ చూపిస్తున్న కొత్తమ్మాయి మాత్రం నవ్వలేదు.

"రెండు లిస్టులు పోల్చాలంటే రెండిట్లోనూ ఒకే రకం ఉండాలి కదండీ. ఆ రకానికి పేరుగా పెట్టిన ఇంగ్లిష్ అక్షరమే ఈ టీ. ఒకదాంట్లో అంకెలు, ఇంకోదాంట్లో టెక్స్టు ఉంటే ప్రోగ్రామ్ నడవకముందే ఆపేస్తుంది."

"లైబ్రరీ సభ్యుల లిస్టుకి ఇంత హంగామా ఎందుకు లెండి!"

ఆమె ఒక్క క్షణం అతన్నే చూసింది. ఆ చూపుకి మనసు ఇంకాస్త జారిందని ఒప్పుకోలేక, మధ్యాహ్నం ఆమెకి చెప్పకుండానే టీ పీకేశాడు. ఏ లిస్టునైనా దేనితోనైనా పోల్చేలా మార్చేశాడు.

సోమవారం పొద్దున్నే వాన. పాత లిస్టులో సభ్యుల నంబర్లు అంకెలుగా ఉన్నాయి, కొత్తదాంట్లో టెక్స్టుగా. కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కి ఒక్కటీ కలవలేదు. కొత్త లిస్టులో లేరనుకుని నాలుగు వేలమందికి 'మీ సభ్యత్వం రద్దయింది' అని మెసేజ్ పంపేసింది. లైబ్రరీ ముందు గొడుగులే గొడుగులు.

"ఫైలు మీద నీ పేరే ఉందిగా! చూసుకోవద్దా అమ్మా?" మేనేజర్ అందరి ముందూ కొత్తమ్మాయిని కడిగేశాడు.

సీనియర్ లేవబోయి, తల దించుకుని తన సీటులో కూలబడ్డాడు.

కాసేపటికి ఆమె ఫోన్‌లో ఎవరికో సర్దిచెబుతోంది. "లేదు బామ్మగారూ, తప్పు మాదే. మీ కార్డు ఎక్కడికీ పోదు."

'మాదే' అన్న మాటకి అతని ముఖం మండిపోయింది. లేచి ఆమె దగ్గరికెళ్లాడు.

"అది మార్చింది నేనండీ."

"తెలుసు. ఎవరు మార్చారో ఫైలు హిస్టరీలో ఉందిగా. పొద్దున్నే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరే చెబుతారనుకున్నా."

చెంపదెబ్బ కొట్టినా అంత సిగ్గుపడేవాడు కాదు. గది మధ్యకి నడిచి గొంతెత్తాడు. "సార్, టీ తీసేసింది నేను. ఆవిడ రాసింది రాసినట్టు వదిలేసుంటే ఇది జరిగేదే కాదు. పొద్దున మీరు తిడుతుంటే పిరికివాడిలా ఊరుకున్నాను."

మేనేజర్ ముందు అతన్ని, తర్వాత ఆమెని చూసి, "సారీ అమ్మా," అన్నాడు.

సీనియర్ తిరిగొచ్చి నసిగాడు. "ఇంకోటుందండీ... ఆ రోజు జోకేసింది, మీరు నచ్చి."

"నచ్చితే నలుగురిలో పరువు తీస్తారా?"

"తలెత్తుకోలేకపోతున్నాను."

ఆమె పెదవుల చివర నవ్వు కదిలింది. పక్కనున్న కుర్చీ అతని వైపు తోసింది.

"కూర్చోండి. ముందు నాలుగు వేలమందికీ క్షమాపణ రాయండి. నాకు చెప్పాల్సింది సాయంత్రం, విడిగా వింటాను."