అంచు కుట్టిన షత్రంజి

వియన్నా రైల్వే స్టేషన్. నాలుగో ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని పేపర్ చదువుతున్న మనిషి ఎంతకీ పేజీ తిప్పడం లేదని కనిపెట్టడానికి స్వీపర్‌కు అరగంట పట్టింది. దగ్గరికి వెళ్ళి చూస్తే చెవి వెనక సూది గుచ్చినంత ఎర్రచుక్క. ప్రాణం ఎప్పుడో పోయింది.

పోయినవాడు మన ఏజెంట్. అతను పంపిన ఆఖరి మెసేజ్ అంతకు కొన్ని గంటల ముందే ఢిల్లీ చేరింది.

"చదువు," అన్నాడు చీఫ్ రాజేశ్వర్ రావు, కాగితాన్ని టేబుల్ మీదుగా తోసి.

ఏజెంట్ రామలింగం చదివాడు. 'రాడార్ ప్లాన్ల మైక్రోఫిల్మ్. వరంగల్ నుంచి యువజన వాలంటీర్ల సామానులో వస్తోంది. తెచ్చేవాళ్ళకు ఏమీ తెలియదు. సరుకు అందుకున్నాక వాళ్ళను బతకనివ్వరు.'

"విశ్వ యువ సేవా సంఘం," అన్నాడు చీఫ్. "ఏటా పదిమంది కుర్రకారును ఆస్ట్రియా పంపుతుంది. ఆరు నెలలు ఉచితంగా పనిచేసి ఓ కొండ ఊళ్ళో వృద్ధాశ్రమం కడతారు. ఈ యేటి బ్యాచ్ ఎల్లుండి పొద్దున వరంగల్లో రైలెక్కుతుంది. నీ ఊరేగా?"

"నా ఊరే సార్. ఆ సంఘం మొదటి బ్యాచ్‌లో నేనూ వెళ్ళాను, అరవై తొమ్మిదిలో. ఈ బ్యాచ్‌లో మా అక్క కూతురు వరలక్ష్మి ఉంది."

చీఫ్ సిగరెట్ వెలిగించడం మానేశాడు. "నడిపేదెవరు?"

"నిర్మల. నాతో పాటు వెళ్ళిన మనిషే. ఆమెను నమ్మొచ్చు."

"ఈ గదిలో ఆ మాటన్న ముగ్గురి ఫోటోలకు దండలు నేనే తెప్పించాను, రామలింగం. జాగ్రత్త."

రామలింగానికి ఆ మాట నచ్చలేదు. పదేళ్ళ కింద ఆ కొండ ఊళ్ళో తనకు జ్వరమొస్తే పదకొండు రోజులు పక్కనుంచి గంజి తాగించిన మనిషి నిర్మల. తానేం ఉద్యోగం చేస్తున్నాడో కన్నతల్లికి చెప్పలేదు, ఆమెకొక్కదానికే చెప్పాడు. లోకంలో అందరినీ అనుమానించి బతికేవాడికి అనుమానించక్కర్లేని మనిషి ఒకరుండాలి. లేకపోతే పిచ్చెక్కుతుంది.

మర్నాడు హన్మకొండ చౌరస్తాలోని సంఘం ఆఫీసులో నిర్మల అతన్ని చూడగానే నవ్వింది. షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, గది నిండా సెంటు వాసన. వరంగల్లో పెద్ద బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి. ఆమె వీధిలోంచి పోతుంటే సైకిళ్ళు ఒకదానికొకటి గుద్దుకునేవి.

అతను సంగతంతా చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది.

"నా పిల్లల సామాన్లనా? రామూ, అన్నీ తెప్పిస్త. ఒక్కటి విడవకు, జర మంచిగ చూడు."

పది పెట్టెలూ చూశాడు. షేవింగ్ సెట్‌లో దాచిన అల్ట్రావయొలెట్ లైట్ వేసి చూశాడు. చెప్పుల మడమలు, టూత్‌పేస్టు, ఆవకాయ జాడీలు, ఏదీ వదల్లేదు. ఏమీ దొరకలేదు.

"చూసినవుగద," అంది నిర్మల. "ఒక పని చెయ్యి. సామాను నువ్వే చెక్ చేసినవని ఒక లెటర్ రాసియ్యి. లేకుంటే ఢిల్లీ ఎయిర్‌పోర్టుల మళ్ళ అన్నీ ఇప్పి గంటలకొద్ది నిలబెడతరు, పిల్లలు బుగులు పడ్తరు."

సబబే అనిపించింది. డిపార్ట్‌మెంట్ కోడ్ నంబరు వేసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

జూన్ పద్నాలుగు. వరంగల్ స్టేషన్. ఢిల్లీ రైలు వచ్చి ఆగింది. రామలింగం పెట్టుడు మీసం, టోపీ, మెడలో ఫ్లాష్ కెమెరాతో ఫోటోగ్రాఫర్ వేషంలో గుంపులో తిరుగుతున్నాడు. అతని మనుషులిద్దరు ఎర్రచొక్కాల కూలీలై నిలబడ్డారు. నిర్మల ఒక్కో వాలంటీర్‌కూ బొట్టు పెట్టి, చుట్టచుట్టిన షత్రంజి, అంటే నూలు జంపఖానా, ఒకటి చేతికిస్తోంది. అక్కడ తమను ఇంట్లో ఉంచుకునే కుటుంబాలకు వరంగల్ నేతగాళ్ళ పేట కొత్తవాడలో నేసిన షత్రంజి కానుకగా ఇవ్వడం మొదటి బ్యాచ్ నుంచీ వస్తున్న ఆనవాయితీ.

తొమ్మిదిమంది ఎక్కేశారు. వరలక్ష్మి మాత్రం ప్లాట్‌ఫారం మీదే తన పెట్టె మీద కూర్చుని, షత్రంజి ఒళ్ళో పరుచుకుని, బ్లేడుతో ఏదో చేస్తోంది.

రామలింగం దగ్గరికి వెళ్ళి కెమెరా ఎత్తాడు. "ఇటు చూడమ్మా."

"మీసం జర జారింది మామా," అంది తల ఎత్తకుండానే.

అతను గబుక్కున మీసం అదుముకున్నాడు. "ఏం జేస్తానవ్ బిడ్డా? బండి పోతాంది."

"ఇటు చూడరాదు, అంచుకు ఎవరో మిషన్ కుట్టు ఏసిండ్రు! షత్రంజికి ఎవడన్న అంచు కుడ్తడా? పోగులు ఇడిసి ముడులేస్తం గని. ఆ ఇంటోళ్ళు కొత్తవాడ పనంటే గిదేనా అనుకోరా? మగ్గం నేసే నాయిన చూస్తే మొఖం మీద ఉమ్ముతడు. కుట్టిప్పి ముడులేస్తాన."

విప్పిన అంచులోంచి వేలెడంత నల్లటి పట్టీ బయటికి వేలాడుతోంది.

మైక్రోఫిల్మ్. రామలింగం వంగి షత్రంజి అంచు పట్టుకున్నాడు. "గిది ఎవరిచ్చిండ్రు నీకు?"

"నిర్మలక్క. మిగతయన్ని మనోళ్ళ మగ్గాలయే. గిదొక్కటి నాకోసమని ఇంటికాన్నుంచి తెచ్చిందట."

బట్టల దుకాణం వాళ్ళింట్లో పుట్టిన మనిషికి పోగులు ఊడే అంచు కనబడితే చెయ్యి ఊరుకోదు. వాకిట్లో కుట్టుమిషన్ ముందు కూర్చున్న దర్జీని చూస్తూ పెరిగింది మరి. పదేళ్ళుగా షత్రంజీలు పంచిందే గాని, మగ్గం మీంచి దించాక ఆ కొసలను ఏం చేస్తారో ఏనాడూ చూసి ఉండదు. ఆ కుట్టు నిర్మలదేనని సాలె ఇంట పుట్టిన రామలింగానికి తెలియడానికి ఒక్క క్షణం చాలు. కాని నమ్మడానికి మనసు ఒప్పుకోలేదు. జ్వరంలో నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి కళ్ళ ముందు కదిలింది. ఏడుపొచ్చింది.

"ఆ పట్టీ మళ్ళ లోపట పెట్టు రామూ," అంది వెనకనుంచి నిర్మల, మెల్లగా. ఆమె హ్యాండ్‌బ్యాగ్ నోరు కొద్దిగా తెరిచి ఉంది. లోపలినుంచి పిస్టల్ మూతి వరలక్ష్మి వీపు వైపు చూస్తోంది. "పిల్లను బండెక్కియ్యి."

"నా మేనకోడలే దొరికిందా నీకు?"

"నీ మేనకోడలనే ఏరుకున్న. ఆమె సామాను మీద నీ సంతకం ఉంటే ఎవడాపుతడు?"

"అక్కడ దాన్ని చంపుతరు నిర్మలా."

"తెలుసు."

ఆ ఒక్క మాటతో పదేళ్ళు కూలిపోయాయి. "నా కొలువు సంగతి నీకొక్కదానికే చెప్పిన," అన్నాడు.

"నువ్వు చెప్పిన తెల్లారే వాళ్ళకు చెప్పిన. నిన్ను చంపుతమన్నరు. వద్దన్న. పనికొస్తవన్న." ఆమె నవ్వింది. అదే నవ్వు. "వచ్చినవు."

గార్డు విజిల్ వేశాడు. రైలు కుదుపుతో కదిలింది.

రామలింగం కెమెరా ఎత్తి ఆమె మొహం మీదే ఫ్లాష్ కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మి నిర్మల వెనక్కి తూలింది. అతను బ్యాగును పైకి తన్నాడు. గుండు పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. ఎర్రచొక్కాలు చెరో రెక్కా పట్టుకున్నాయి. బ్యాగులో వియన్నా అడ్రస్ రాసిన చీటీ, దాని కింద అతని లెటర్ దొరికాయి. నల్ల పట్టీని జేబులో వేసుకుని, లెటర్‌ను నాలుగు ముక్కలు చేశాడు. తీసుకుపోతుంటే ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. తిరుగుతుందేమోనని అతను చూస్తూనే ఉన్నాడు.

స్టేషన్ మాస్టర్ గది నుంచి రామలింగం ఫోన్‌లో చెప్పిన అడ్రస్ విని చీఫ్ అన్నాడు, "విమానం ఎల్లుండి. ఈలోగా వియన్నాలో వాళ్ళను లోపల వేయిస్తాం. వేయించలేకపోతే ఒక్క పిల్లనూ విమానం ఎక్కనివ్వను. ఆమెను గురించి... సారీ, రామలింగం."

రైలు వెళ్ళిపోయింది. వరలక్ష్మి షత్రంజిని గుండెకు హత్తుకుని అక్కడే నిలబడి ఉంది.

"మామా, రెండు వందల మంది అర్జీ పెట్టుకుంటే అందుల నన్ను తీసుకున్నది నా పని చూసి గాదా?"

ఆ ప్రశ్న అతన్ని పిస్టల్ కంటే ఎక్కువ భయపెట్టింది. అబద్ధం చెప్పలేకపోయాడు. "గాదు బిడ్డా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మరి ముసలోళ్ళకు ఇల్లు కట్టుడన్న నిజమేనా?"

"అది నిజమే. నేను గోడలు కట్టిన. ఇంకా రెండు గదులు మిగిలినయి."

"అయితే పోత. ఎవరెందుకు పంపిండ్రో నాకేంది? బండి కాజీపేటల ఆగుతది గద?"

"పది నిమిషాలు. ముందు ఢిల్లీ దాక పో. నేను సరేనంటేనే విమానం."

జీపు కాజీపేట రోడ్డు మీద హారన్ ఆపకుండా దూసుకుపోతోంది. వరలక్ష్మి ఆ కుదుపుల్లోనే మిగిలిన పోగులకు ముడులు వేస్తోంది. కొంతసేపటికి అడిగింది.

"నిజం చెప్పు మామా. నువ్వు ఏం కొలువు చేస్తవు?"

రామలింగం ఆమె వైపు చూశాడు. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పని పిల్ల. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"చూస్తలేవా? ఫోటోలు తీస్త."

ఆమె కెమెరా అందుకుని, వెనక మూత తెరిచి, రీలు లేని ఖాళీ డబ్బాను అతనికి చూపించింది.

"గింత అబద్ధం కూడ అతకదు నీకు," అంది జాలిగా. "చెప్పకుంటె మానె గని, అబద్ధాలాడే గసొంటి ఉద్యోగాలు మాత్రం ఎన్నడు చెయ్యకు మామా."